మరమ్మతు వర్క్‌షాప్‌లో ఓవర్‌హెడ్ క్రేన్ల ఆధునికీకరణ: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్, కొండపల్లి, మంగళగిరి పరిసరాల్లోని నిర్మాణ సంస్థల మరమ్మతు షెడ్లలో పనిచేసే ప్లాంట్ ఇంజనీర్లు, స్టోర్స్ అధికారులు, ఫోర్‌మెన్‌లు పాత ఓవర్‌హెడ్ క్రేన్లను (షెడ్డు పైభాగంలో రెండు పట్టాల మీద నడుస్తూ బరువులెత్తేవి) మెరుగుపరచాలనుకున్నప్పుడు అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఎక్స్‌కవేటర్లు, టిప్పర్లు, ట్రాన్సిట్ మిక్సర్లు, బ్యాచింగ్ ప్లాంట్ భాగాలు విప్పి బిగించే షెడ్లను దృష్టిలో పెట్టుకుని రాసినందున, ఉక్కు కర్మాగారాల్లో రాత్రింబవళ్లు నడిచే భారీ క్రేన్ల విషయం ఇందులో చేర్చలేదు.

మా క్రేన్ పనిచేస్తూనే ఉంది. దాన్ని ఆధునికీకరించవలసిన అవసరం ఉందని ఎలా తెలుసుకోవాలి?

ముందుగా ఆ క్రేన్‌తో నెల రోజుల పాటు ఏమేమి ఎత్తుతున్నారో, ఒక్కొక్కటి ఎంత బరువుందో, ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకువెళ్తున్నారో ఒక పుస్తకంలో రాయించండి. ఈ పుస్తకం లేకుండా పిలిచిన కొటేషన్లన్నీ ఊహ మీద ఆధారపడినవే అవుతాయి. 20 టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్‌లో వర్క్‌షాప్ విప్పి ఎత్తే భాగాల్లో అన్నిటికన్నా బరువైనది వెనుక ఉండే కౌంటర్‌వెయిట్; అది 4 టన్నులకు అటూఇటూగా ఉంటుంది. ఇంజను, గేర్‌బాక్స్, హైడ్రాలిక్ పంపు వంటివి అందులో చిన్న వంతు మాత్రమే. అందుచేత చాలా షెడ్లలో 5 టన్నుల సామర్థ్యమే సరిపోతుంది. కొరతగా ఉండేది టన్నులు కాదు, అదుపు. ఇంజనును దాని మౌంటింగుల మీద దించే చివరి రెండు అంగుళాల్లో హుక్ ఒక్క కుదుపుతో కిందికి పడుతోందంటే, బటన్ వదిలిన తరువాత కూడా బరువు కొంత జారుతోందంటే, కాంటాక్టర్లు (మోటారుకు విద్యుత్తును కలిపి తెంచే స్విచ్‌లు) తరచుగా మాడిపోతున్నాయంటే, విడిభాగాలు దొరకక పాత సామాన్ల దుకాణాల చుట్టూ తిరగవలసి వస్తోందంటే ఆధునికీకరణకు వేళ అయిందని అర్థం. ఇవేమీ లేనిచోట మంచి సర్వీసింగ్ చాలు.

5 టన్నుల క్రేన్‌ను 10 టన్నులకు పెంచుకోవచ్చా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. అన్నిటికన్నా తొందరపాటుతో తీసుకునే నిర్ణయం కూడా ఇదే. హాయిస్ట్ (బరువును ఎత్తి దించే యంత్రం) మార్చినంత మాత్రాన సామర్థ్యం పెరగదు. బరువు హుక్ నుంచి తాడుకు, తాడు నుంచి ట్రాలీకి (హాయిస్ట్‌ను మోస్తూ గిర్డర్ మీద నడిచే బండి), అక్కడి నుంచి గిర్డర్‌కు (షెడ్డుకు అడ్డంగా ఉండే క్రేన్ దూలం), దాని కొసలను మోసే ఎండ్ క్యారేజ్ చక్రాలకు, పట్టాకు, పట్టాను మోసే గ్యాంట్రీ దూలానికి, స్తంభానికి, చివరకు పునాదికి చేరుతుంది. ఈ దారిలో ఏ ఒక్క భాగం 5 టన్నులకే తయారైనదైనా ఆ క్రేన్ 5 టన్నుల క్రేనే.

ఒక ఉదాహరణ లెక్క చూద్దాం. 15 మీటర్ల స్పాన్ (రెండు పట్టాల మధ్య దూరం) ఉన్న డబుల్ గిర్డర్ క్రేన్‌లో బ్రిడ్జి (గిర్డర్లు, ఎండ్ క్యారేజ్‌లు కలిసిన భాగం) బరువు 8 టన్నులు, ట్రాలీ 1 టన్ను, ఎత్తే బరువు 5 టన్నులు అనుకుందాం. హుక్ పట్టాకు 1 మీటరు దూరం వరకు రాగలిగితే, ఆ వైపు ఉన్న రెండు చక్రాల్లో ఒక్కొక్కదానిపై పడే భారం సుమారు 4.8 టన్నులు. అదే స్పాన్‌లో 10 టన్నుల క్రేన్‌కు బ్రిడ్జి 10 టన్నులు, ట్రాలీ 1.5 టన్నులు అయితే ఒక్కో చక్రంపై భారం దాదాపు 7.9 టన్నులకు చేరుతుంది. భవన భారాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం విద్యుత్ ఓవర్‌హెడ్ క్రేన్లకు ఈ చక్రభారంపై 25 శాతం తాకిడి భారం కలపాలి. ట్రాలీ, ఎత్తిన బరువు కలిపిన మొత్తంలో 10 శాతాన్ని పట్టాకు అడ్డంగా పనిచేసే బలంగా, చక్రభారాల్లో 5 శాతాన్ని పట్టా వెంబడి పనిచేసే బలంగా తీసుకోవాలి. పాత షెడ్లలో స్తంభాన్ని ముందుగా ఇబ్బంది పెట్టేది నిలువు భారం కన్నా ఈ అడ్డ బలమే, ఎందుకంటే అది స్తంభాన్ని పక్కకు వంచుతుంది.

ఐఎస్ 800:2007 ప్రకారం 50 టన్నుల లోపు విద్యుత్ క్రేన్లు నడిచే గ్యాంట్రీ దూలం వంపు దాని స్పాన్‌లో 750వ వంతు మించకూడదు. స్తంభాల మధ్య 6 మీటర్లుంటే ఆ హద్దు 8 మిల్లీమీటర్లు. పాత దూలం బలానికి తట్టుకున్నా ఈ వంపు హద్దు దగ్గర ఆగిపోవడం మామూలే. కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం చేసిన లెక్క చేతికి వచ్చేవరకు కొత్త హాయిస్ట్‌కు ఆర్డరు పెట్టవద్దు. షెడ్డు డ్రాయింగులు దొరకకపోతే దూలాల కొలతలు తీయించాలి, స్తంభం అడుగున తవ్వి పునాది చూపించాలి. ఆ ఖర్చుకు వెనుకాడితే అసలుకే ఎసరు వస్తుంది.

తాడు వరుసలు పెంచి సామర్థ్యం రెట్టింపు చేస్తామని కొందరు చెబుతున్నారు. అది సబబేనా?

రెండు వరుసల తాడును నాలుగు వరుసలు చేస్తే ఒక్కో వరుస మీద లాగుడు పెరగదు కాబట్టి మోటారు, గేర్‌బాక్స్ అవే సరిపోతాయన్నది నిజమే. అయితే ఎత్తే వేగం సగమవుతుంది, తాడు చుట్టుకునే అదే డ్రమ్ మీద హుక్ తిరిగే ఎత్తు కూడా సగానికి పడిపోతుంది, హుక్ బ్లాక్ మార్చవలసి వస్తుంది. ట్రాలీ ఫ్రేమ్, గిర్డర్, చక్రాలు, షెడ్డు మోయవలసిన బరువు మాత్రం పైన చెప్పినట్టే పెరుగుతుంది. ఈ సలహా ఇచ్చేవారు మొదటి సగం మాత్రమే చెబుతుంటారు.

పని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

పట్టాల నుంచి. కొత్త డ్రైవ్ ప్యానెల్ (మోటార్ల వేగాన్ని అదుపుచేసే పరికరాలున్న పెట్టె) కంటికి కనిపించే మార్పు కావడం వల్ల యాజమాన్యాలు మొదట దానికే డబ్బు మంజూరు చేస్తాయి. కానీ వంకర పట్టాల మీద నడిచే క్రేన్‌కు ఎంత ఖరీదైన డ్రైవ్ పెట్టినా చక్రాల అంచులు అరగడం ఆగదు. చక్రం అంచు ఒకే వైపు మెరుస్తూ అరిగి ఉండటం, పట్టా పక్కన ఇనుప పొడి రాలడం, క్రేన్ నడిచేటప్పుడు ఒక కొస ముందుకు పోయి మరో కొస వెనకబడటం దీనికి గుర్తులు. రెండు పట్టాల మధ్య దూరాన్ని, రెండింటి మట్టాన్ని ప్రతి స్తంభం దగ్గరా కొలవాలి. నిర్మాణ సంస్థకు ఇందులో ఒక సౌలభ్యం ఉంది: టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో కొలిచే సర్వేయర్లు సొంత సిబ్బందిలోనే ఉంటారు. కొలతలు తెల్లవారుజామున తీయించడం మంచిది. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే 15 మీటర్ల ఉక్కు సుమారు 3.6 మిల్లీమీటర్లు సాగుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం రేకుల షెడ్డులో తీసిన కొలతను ఉదయం తీసిన దానితో పోల్చితే లేని తప్పు కనిపిస్తుంది.

ఎండ్ క్యారేజ్ చక్రాల వ్యాసాలు కూడా చూడాలి. రెండు వైపులా నడిపించే చక్రాల్లో ఒకటి ఎక్కువగా అరిగితే క్రేన్ వంకరగా నడుస్తుంది కాబట్టి వాటిని జతగానే మార్చాలి.

డ్యూటీ క్లాస్ అంటే ఏమిటి? మాకు ఏది కావాలి?

క్రేన్ ఎంత తరచుగా, ఎంత భాగం పూర్తి బరువుతో పనిచేస్తుందో చెప్పే వర్గీకరణ ఇది; యంత్రభాగాలకు ఎం1 నుంచి ఎం8 వరకు ఉంటుంది. రోజుకు కొన్నిసార్లు మాత్రమే, అదీ తక్కువ బరువులే ఎత్తే మరమ్మతు షెడ్డుకు సాధారణంగా ఎం3 నుంచి ఎం5 మధ్య సరిపోతుంది. మీరు రాయించిన పుస్తకాన్ని సరఫరాదారుకు చూపించి, ఎంచుకున్న తరగతిని కొటేషన్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) పెట్టడం వల్ల నిజంగా ఏమి మారుతుంది?

మరమ్మతు షెడ్డుకు ఇంతకు మించిన మేలు చేసే మార్పు మరొకటి లేదని మా అభిప్రాయం. పాత పద్ధతిలో కాంటాక్టరు పడగానే మోటారు ఒక్కసారిగా పూర్తి వేగం అందుకుంటుంది. ఆ క్షణంలో పూర్తి లోడ్ కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది, గేర్ల పళ్ల మీద దెబ్బ పడుతుంది, వేలాడే బరువు ఊగుతుంది. వీఎఫ్‌డీ విద్యుత్ ఫ్రీక్వెన్సీని మార్చి మోటారును మెల్లగా కదిలించి మెల్లగా ఆపుతుంది. నిమిషానికి 3 మీటర్లు ఎత్తే హాయిస్ట్‌ను 50 హెర్ట్జ్ నుంచి 5 హెర్ట్జ్‌కు తగ్గిస్తే హుక్ సెకనుకు 5 మిల్లీమీటర్లు మాత్రమే కదులుతుంది. గేర్‌బాక్స్ షాఫ్టును క్లచ్ ప్లేటు పళ్లలో కూర్చోబెట్టే మెకానిక్‌కు ఈ నెమ్మది ఎంత విలువైనదో ఆ పని చేసినవారికి తెలుసు. వేళ్లు నలిగే ప్రమాదాలు ఎక్కువగా జరిగేది సరిగ్గా ఆ చివరి క్షణాల్లోనే.

అయితే హాయిస్ట్‌కు పెట్టే డ్రైవ్, పంపుకో ఫ్యానుకో పెట్టే డ్రైవ్ లాంటిది కాదు. బరువు దించేటప్పుడు అది మోటారును తిప్పుతూ విద్యుత్తును వెనక్కి పంపుతుంది. దాన్ని వేడిగా ఖర్చుచేయడానికి బ్రేకింగ్ రెసిస్టరు తప్పనిసరి. రెసిస్టరును ప్యానెల్ లోపల కాకుండా గాలి ఆడే చోట విడిగా బిగించాలి. బ్రేకు కాయిల్‌కు విద్యుత్తును డ్రైవ్ అవుట్‌పుట్ నుంచి ఎన్నడూ ఇవ్వకూడదు, తక్కువ ఫ్రీక్వెన్సీలో ఆ వోల్టేజి చాలక బ్రేకు సరిగా విడవదు. మోటారులో తగినంత టార్క్ (తిప్పే బలం) వచ్చిందని డ్రైవ్ నిర్ధారించుకున్న తరువాతే బ్రేకు విడవాలి, వేగం సున్నాకు వచ్చాక బ్రేకు పట్టాలి. ఈ క్రమం క్రేన్ పనికి ప్రత్యేకించిన సాఫ్ట్‌వేర్ ఉన్న డ్రైవ్‌లలోనే నమ్మకంగా దొరుకుతుంది. ధర తక్కువని మామూలు డ్రైవ్‌ను హాయిస్ట్‌కు ఒప్పుకోవద్దు.

పాత స్లిప్ రింగ్ మోటారును (రోటారు వైండింగు కొసలు రింగుల ద్వారా బయటకు వచ్చేది) అలాగే ఉంచి వీఎఫ్‌డీ పెట్టవచ్చా?

రోటారు రింగులను షార్ట్ చేసి నడపడం సాధ్యమే, లాంగ్ ట్రావెల్ (క్రేన్‌ను పట్టాల వెంట నడిపే), క్రాస్ ట్రావెల్ (ట్రాలీని గిర్డర్ వెంట నడిపే) మోటార్ల విషయంలో ఇన్సులేషన్ బాగుంటే తాత్కాలికంగా ఒప్పుకోవచ్చు. హాయిస్ట్‌కు మాత్రం వీఎఫ్‌డీకి తగిన ఇన్సులేషన్ ఉన్న కొత్త స్క్విరల్ కేజ్ (రింగులు లేని రోటారున్న) మోటారు తీసుకోవాలి. తక్కువ వేగంలో ఎక్కువసేపు నడిపే అలవాటుంటే, షాఫ్టు మీది ఫ్యాను కూడా మెల్లగా తిరిగి గాలి చాలదు కాబట్టి, విడిగా తిరిగే ఫ్యాను అడగండి.

పెండెంట్ (క్రేన్ నుంచి కేబుల్‌తో వేలాడే బటన్ల పెట్టె) ఉంచాలా, రేడియో రిమోట్ తీసుకోవాలా?

పెండెంట్‌తో నడిపే మనిషి బరువు వెంట నడవక తప్పదు, అది కూడా విప్పి పడేసిన భాగాల మధ్య, నూనె జారిన నేల మీద. రిమోట్ ఉంటే బరువుకు దూరంగా, హుక్ స్పష్టంగా కనిపించే చోట నిలబడవచ్చు. ఈ ఒక్క కారణం చాలు రిమోట్‌ను సమర్థించడానికి. మన దేశంలో లైసెన్సు అవసరం లేని 865–868 మెగాహెర్ట్జ్ వంటి బ్యాండులో పనిచేసేది, రేడియో ఫ్రీక్వెన్సీల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ డబ్ల్యూపీసీ విభాగపు ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉన్నది తీసుకోవాలి. సిగ్నల్ తెగిపోతే కదలికలన్నీ వాటంతట అవే ఆగాలి. ఒకే షెడ్డులో రెండు క్రేన్లుంటే ఏ రిమోట్ ఏ క్రేన్‌దో పెద్ద అక్షరాలతో రాయించి, రెండింటికీ వేర్వేరు రంగులు వేయించండి. పెండెంట్‌ను తీసివేయక, తాళంచెవితో మారే ప్రత్యామ్నాయంగా ఉంచుకోవడం మేలు; అయితే రెండూ ఒకేసారి పనిచేయకూడదు.

పట్టా పక్కన బహిరంగంగా ఉండే యాంగిల్ ఐరన్ విద్యుత్ లైన్లను మార్చాలా?

మార్చాలి, ఆలోచించనవసరం లేదు. షెడ్డు దుమ్ములో వాటి మీద కలెక్టర్లు నిప్పురవ్వలు చిమ్ముతాయి, రేకులు మార్చడానికో బల్బు వేయడానికో పైకెక్కిన మనిషికి అవి ప్రాణాంతకం. తొడుగు ఉన్న డీఎస్ఎల్ బస్‌బార్ (పట్టా వెంట క్రేన్‌కు విద్యుత్తు అందించే లైను) పెట్టించి, అందులో ఎర్త్ కోసం నాలుగో కండక్టరు తప్పకుండా అడగండి. చాలా పాత క్రేన్లలో ఎర్తింగ్ అంతా చక్రానికీ పట్టాకూ మధ్య స్పర్శ మీదే ఆధారపడి ఉంటుంది. తుప్పు, గ్రీజు పేరుకున్న చోట ఆ స్పర్శను నమ్మలేము. ట్రాలీ వైపు వేలాడే కేబుల్‌కు ఫ్లాట్ కేబుల్ ఫెస్టూన్ (మడతలుగా వేలాడుతూ జరిగే కేబుల్ ఏర్పాటు) చాలు.

భద్రతా పరికరాల్లో ఏవి తప్పనిసరిగా ఉండాలి?

హుక్ పైకి వెళ్లే వైపు రెండు లిమిట్ స్విచ్‌లు ఉండాలి: ఒకటి డ్రమ్ తిరుగుడును బట్టి పనిచేసేది, రెండవది హుక్ బ్లాక్ స్వయంగా తాకినప్పుడు మెయిన్ విద్యుత్తును తెంచేది. మొదటిది విఫలమైన రోజున రెండవదే తాడును తెగకుండా కాపాడుతుంది. బరువు మించితే ఎత్తడం ఆపి, దించడానికి మాత్రం వీలిచ్చే ఓవర్‌లోడ్ పరికరం పెట్టించండి. మరమ్మతు షెడ్డులో దీని అవసరం ఎక్కువ. ఒక బోల్టు విప్పడం మరచిపోయి భాగాన్ని ఎత్తబోయినప్పుడు క్రేన్ మొత్తం యంత్రాన్నే లాగడానికి ప్రయత్నిస్తుంది. ఒకే పట్టా మీద రెండు క్రేన్లుంటే ఢీకొనకుండా ఆపే సెన్సర్లు, పట్టా చివర స్టాపర్లు, బఫర్లు కూడా కావాలి.

తాడు, హుక్ పాతవే వాడవచ్చా?

తాడును కొత్తదే వేయండి. హుక్ తెరుచుకున్నా, మెలితిరిగినా, పగులు కనిపించినా పారవేయాలి. వేడిచేసి వంచడం, వెల్డింగ్ చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. సేఫ్టీ ల్యాచ్ (స్లింగు జారిపోకుండా అడ్డుకునే నాలుక) లేని హుక్‌ను పనిలోకి దించవద్దు.

ఇక్కడి ఎండ, వరద, దుమ్ము విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సాధారణ డ్రైవ్‌ల రేటింగ్ చుట్టూ ఉన్న గాలి 40 డిగ్రీల వరకు ఉంటుందన్న లెక్క మీద ఇస్తారు. రోహిణీ కార్తెలో విజయవాడలో బయటే అంతకు మించుతుంది, రేకు కప్పు కిందున్న బ్రిడ్జి మీద పరిస్థితి ఇంకా కఠినం. తయారీదారు ఇచ్చే పట్టికను బట్టి ఒక సైజు పెద్ద డ్రైవ్ ఎంచుకుని, ప్యానెల్‌ను దుమ్ము చొరబడనిదిగా చేయించి, వేడిని బయటకు పంపే ఏర్పాటు పెట్టించాలి. ఫిల్టరు ఉన్న ఫ్యాను పెడితే ఆ ఫిల్టరును శుభ్రం చేసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా నిర్ణయించండి. సిమెంటు దుమ్ము పేరుకున్న ఫిల్టరు వల్ల ప్యానెల్ లోపల వేడి ఇంకా పెరుగుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నగరంలో పెద్ద భాగం మునిగిన సంగతి ఇక్కడివారికి గుర్తుచేయనవసరం లేదు. క్రేన్ పైనే ఉన్నా మెయిన్ ఐసోలేటరు (విద్యుత్తును తెంచే ప్రధాన స్విచ్), సరఫరా కేబుల్ జాయింట్లు, రిమోట్ చార్జరు, రికార్డు పుస్తకాలు కిందే ఉంటాయి. పని జరుగుతున్నప్పుడే వాటిని నేల మట్టం నుంచి ఎత్తుకు మార్చడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. మొత్తం లోడు పెరుగుతుంటే విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీసీపీడీసీఎల్ దగ్గర అదనపు లోడు మంజూరు ముందే చేయించుకోండి.

ఈ పనికి క్రేన్‌ను ఎప్పుడు ఆపాలి?

వానాకాలంలో మట్టి పనులు మందగించి సైట్ల నుంచి యంత్రాలు ఓవర్‌హాలింగ్‌కు వస్తాయి కాబట్టి ఆ నెలల్లో క్రేన్‌ను ఆపడం తెలివైన పని కాదు. సంక్రాంతి తరువాత, ఎండలు ముదరకముందు ఉన్న కాలం అనుకూలం. గ్యాంట్రీ, పట్టాల పని, క్రేన్ పని వేర్వేరు దశలుగా చేస్తే ఆపవలసిన రోజులు తగ్గుతాయి. ప్యానెల్‌ను కిందే తయారుచేసి, పరీక్షించి, ఆ తరువాత పైకెక్కించాలి. మధ్యకాలంలో హైడ్రాతో (చక్రాల మీద నడిచే మొబైల్ క్రేన్) నెట్టుకురావాలనుకుంటే షెడ్డు లోపల బూమ్ లేవడానికి ఎత్తు చాలుతుందో లేదో, నేల దాని భారాన్ని మోస్తుందో లేదో ముందే చూడండి. బరువు వేలాడదీసుకుని హైడ్రా మలుపు తిరగడం ప్రమాదకరం. పెద్ద ఇంజను పనులను ఆ వారాల్లో వాయిదా వేయడమే మంచిది.

లోడ్ టెస్ట్ ఎలా చేయాలి? అంత బరువు ఎక్కడ తేవాలి?

స్థిర పరీక్షకు సామర్థ్యంలో 125 శాతం, కదలికల పరీక్షకు 110 శాతం బరువు వాడటం ఆనవాయితీ. 10 టన్నుల క్రేన్‌కు అవి 12.5, 11 టన్నులు. స్థిర పరీక్షలో బరువును నేల నుంచి కొద్దిగా మాత్రమే ఎత్తి, స్పాన్ మధ్యలో కాసేపు నిలిపి, దించాక గిర్డర్ తన పూర్వస్థితికి వచ్చిందో లేదో చూస్తారు. పూర్తి సామర్థ్యపు బరువుతో గిర్డర్ వంపును విడిగా కొలవాలి. కొనుగోలు షరతుల్లో 750వ వంతు హద్దు రాసి ఉంటే 15 మీటర్ల స్పాన్‌కు అది 20 మిల్లీమీటర్లు.

టెస్ట్ బరువులు అద్దెకు వెతకడం నిర్మాణ సంస్థకు అవసరం లేదు. ఘనమీటరు కాంక్రీటు సుమారు 2.4 టన్నులు తూగుతుంది. బ్యాచింగ్ ప్లాంట్ నుంచి తెచ్చిన కాంక్రీటుతో, డిజైన్ చేసిన లిఫ్టింగ్ హుక్కులు పెట్టి దిమ్మెలు పోయించి, తగినంత గట్టిపడ్డాక కాటా మీద తూచి, బరువును పెయింటుతో రాయిస్తే అవి ఏటేటా పనికివస్తాయి. అంచనా బరువుతో పరీక్ష ఒప్పుకోవద్దు. స్లింగులు, షాకిళ్ల బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

చట్టం ఏమంటుంది?

1948 ఫ్యాక్టరీల చట్టంలోని 29వ సెక్షన్ ఎత్తే యంత్రాలకు పెట్టిన నియమాలు 2025 నవంబరులో వృత్తి భద్రత కోడ్ అమల్లోకి వచ్చేవరకు ఈ రంగానికి ప్రమాణంగా ఉన్నాయి. వాటి ప్రకారం సమర్థ వ్యక్తి (ఇలాంటి పరీక్షలకు ఫ్యాక్టరీల శాఖ గుర్తించిన నిపుణుడు) కనీసం 12 నెలలకు ఒకసారి క్రేన్‌ను క్షుణ్ణంగా పరీక్షించాలి, దాని వివరాలు రిజిస్టరులో ఉండాలి, సురక్షిత సామర్థ్యం క్రేన్ మీద స్పష్టంగా రాసి ఉండాలి, దాన్ని మించి ఎత్తకూడదు, పట్టా మీద లేదా దాని పక్కన మనిషి పనిచేస్తుంటే క్రేన్ అతనికి 6 మీటర్ల లోపు రాకుండా చూడాలి. 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ కింద ఏ ఫారాలు, ఏ నియమాలు వర్తిస్తాయో పని మొదలుపెట్టేముందు ఫ్యాక్టరీల శాఖ స్థానిక కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఆధునికీకరణ తరువాత పాత సర్టిఫికెట్ మీద ఒక్క రోజు కూడా క్రేన్ నడపవద్దు. కొత్త పరీక్ష జరిగి, సమర్థ వ్యక్తి సంతకం చేసిన తరువాతే హుక్‌కు బరువు తగిలించాలి.

క్రేన్ ఎవరు నడపాలి?

రిమోట్ వచ్చాక ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, అది ఎవరి చేతికి దొరికితే వారు నడుపుతారు. శిక్షణ పొందినవారి పేర్ల జాబితా గోడ మీద పెట్టి, రిమోట్‌ను షిఫ్టు మొదట్లో సంతకం తీసుకుని ఇవ్వండి. అనుభవజ్ఞుడైన ఖలాసీకి కూడా కొత్త క్రేన్ మీద మళ్లీ శిక్షణ కావాలి, ఎందుకంటే వీఎఫ్‌డీ క్రేన్ బటన్ వదలగానే ఠక్కున ఆగదు, కొద్ది దూరం మెల్లగా వచ్చి ఆగుతుంది. పాత క్రేన్‌కు అలవాటుపడిన చేయి ఈ తేడాను పట్టుకోవడానికి ఖాళీ హుక్‌తో, ఆపై తేలిక బరువుతో సాధన చేయించాలి.

పని అప్పగించుకునేటప్పుడు కాంట్రాక్టరు నుంచి ఏమేమి తీసుకోవాలి?

మారిన వైరింగ్ డ్రాయింగులు, మోటారు, బ్రేకు, తాడు, హుక్‌ల తయారీ సర్టిఫికెట్లు, లోడ్ టెస్ట్ కొలతలు, విడిభాగాల జాబితా తీసుకోవాలి. వీటితోపాటు ప్రతి డ్రైవ్‌లో పెట్టిన సెట్టింగుల ప్రతిని కాగితం మీద, పెన్‌డ్రైవ్‌లో కూడా అడిగి తీసుకోండి. డ్రైవ్ ఎప్పుడైనా చెడిపోయి కొత్తది వేయవలసి వస్తే, బ్రేకు ఏ టార్క్ దగ్గర విడవాలి, వేగం ఎన్ని సెకన్లలో పెరగాలి వంటి విలువలు అందులోనే ఉంటాయి. అవి లేకపోతే వచ్చిన టెక్నీషియన్ తనకు తోచిన విలువలు పెట్టి వెళ్తాడు. డ్రైవ్ పాస్‌వర్డ్ కాంట్రాక్టరు దగ్గరే ఉండిపోకుండా మీ ఎలక్ట్రికల్ ఇన్‌చార్జికి రాతపూర్వకంగా అప్పగించే వరకు చివరి బిల్లు చెల్లించవద్దు.